జైలు ఆఫీసులో ఏం పని ఉంటుంది? బెయిల్ వచ్చాక కూడా మనిషి వెంటనే ఎందుకు బయటికి రాడు?



నేను దాదాపు ముప్పై ఏళ్లు జైల్లో ఉన్నాను. కంగారు పడకండి, శిక్ష పడి కాదు, ఉద్యోగం చేస్తూ. జూనియర్ అసిస్టెంట్‌గా చేరి, సీనియర్ అసిస్టెంట్ అయి, ఆఫీస్ సూపరింటెండెంట్ అయి, చివరికి ఒక సెంట్రల్ జైలులో అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్‌గా రిటైరయ్యాను. సర్వీసులో ఉన్నప్పుడు ఇలా కెమెరా ముందు కూర్చుని మాట్లాడితే మెమో వచ్చేది. ఇప్పుడు ఆ బాధ లేదు. అయినా జైలు పేరు, మనుషుల పేర్లు చెప్పను. పని గురించి మాత్రం దాచకుండా చెప్తాను.

పెళ్లిచూపులకి వెళ్లినప్పుడు మా మామగారు అడిగిన మొదటి ప్రశ్న, "జైలంటే మరి లాఠీ పట్టుకోవాలా బాబూ?" అని. లేదండీ, పెన్ను పట్టుకోవాలి అన్నాను. ఆయన ఊపిరి పీల్చుకున్నారు. నాక్కూడా అప్పుడు అది చిన్న విషయంలాగే అనిపించింది. ఆ పెన్నుతో ఒక మనిషిని నాలుగు రాత్రులు ఎక్కువ లోపల ఉంచేయొచ్చని తర్వాత తెలిసింది. ఆ సంగతి కాసేపట్లో చెప్తాను. ముందు ఆ ఆఫీసు ఎక్కడుంటుందో చూద్దాం.

రెండు గేట్ల మధ్య ఆఫీసు

సినిమాల్లో జైలు అంటే ఊచలు, బ్యారక్, ఒక కోపిష్టి జైలర్. రాజమండ్రి, చర్లపల్లి, చంచల్‌గూడ, ఇలా ఏ సెంట్రల్ జైలు పేరు చెప్పినా మీకు గోడలే గుర్తొస్తాయి. నిజం జైలుకి రెండు గేట్లు ఉంటాయి. బయటి గేటు తెరిచినప్పుడు లోపలి గేటు మూసి ఉంటుంది, లోపలిది తెరిస్తే బయటిది మూసి ఉంటుంది. రెండూ ఒకేసారి తెరవరు. ఆఫీసు ఆ గేటు పక్కనే, జైలు ముందు భాగంలో ఉంటుంది. అంటే మేం పూర్తిగా లోపలా కాదు, పూర్తిగా బయటా కాదు.

జైల్లో ఉద్యోగులు రెండు రకాలు. యూనిఫాం వేసుకునేవాళ్లు ఒకరు: వార్డర్, హెడ్ వార్డర్, డిప్యూటీ జైలర్, జైలర్, పైన సూపరింటెండెంట్. కాపలా, క్రమశిక్షణ, బ్యారక్‌లు వాళ్ల బాధ్యత. రెండో రకం మేము, మినిస్టీరియల్ స్టాఫ్. మామూలు చొక్కా, ఫ్యాంటు. జీతాల బిల్లులు, సర్వీస్ రిజిస్టర్లు, క్యాష్‌బుక్, ట్రెజరీ, రేషన్ టెండర్లు, ఆడిట్, కోర్టు ఉత్తరాలు, ఖైదీల ఫైళ్లు మా వైపు. ఈ మొత్తాన్ని చూసే మనిషి అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్. ఏఓ గారు అంటారు. సంతకం పెట్టేది సూపరింటెండెంట్ గారైనా, ఆ కాగితం సరిగ్గా ఉందా లేదా అని ముందు చూడాల్సింది ఏఓ.

ఖైదీలు కూడా రెండు రకాలు. శిక్ష పడినవాళ్లు, ఇంకా కేసు నడుస్తున్నవాళ్లు. కేసు నడుస్తున్నవాళ్లని మనం రిమాండ్ ఖైదీలు అంటాం. వాళ్లు తప్పు చేశారని ఏ కోర్టూ ఇంకా చెప్పలేదు. మీరు అనుకునేదేంటి, జైల్లో ఎక్కువమంది శిక్ష పడినవాళ్లే అని కదా? లెక్క చూడండి. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే 75.8 శాతం. ప్రతి నలుగురిలో ముగ్గురు. జైళ్లలో ఉన్న చోటు 4,36,266 మందికి. నూరు మంది ఉండాల్సిన చోట నూట ముప్పై ఒక్క మంది ఉన్నారన్నమాట.

ఈ లెక్క ఎందుకు చెప్పానంటే, జైలు ఆఫీసు పనిలో పెద్ద భాగం ఈ ముగ్గురి గురించే. వాళ్లు రోజూ వస్తుంటారు, పోతుంటారు, కోర్టుకి వెళ్తుంటారు. ప్రతి కదలికకీ ఒక కాగితం.

రోజు ఎలా మొదలవుతుంది

పొద్దున బ్యారక్‌లు తెరిచినప్పుడు ఒక లెక్క, సాయంత్రం లాకప్ చేసినప్పుడు ఒక లెక్క. నిన్న సాయంత్రం ఎంతమంది, ఈ రోజు ఎంతమంది వచ్చారు, ఎంతమంది వెళ్లారు, కోర్టుకి ఎంతమంది, ఆసుపత్రిలో ఎంతమంది. మా రిజిస్టర్ అంకె, బ్యారక్‌లో తలల అంకె ఒకటే అవ్వాలి. ఒక్కరు తేడా వచ్చినా ఎవరూ ఇంటికి వెళ్లరు.

పదిన్నరకి తపాలా వస్తుంది. కోర్టుల నుంచి, పోలీస్ స్టేషన్ల నుంచి, హెడ్డాఫీసు నుంచి. ఇన్‌వర్డ్ క్లర్క్ నంబర్ వేసి సెక్షన్లకి పంచుతాడు. జీతాల బిల్లు ఒక రోజు ఆలస్యమైతే వార్డర్లందరూ నా టేబుల్ చుట్టూ ఉంటారు. కందిపప్పు సప్లై చేసే కాంట్రాక్టర్ బిల్లు పాస్ కాకపోతే పప్పు పలచబడుతుంది, ఆ కోపం బ్యారక్‌లో కనిపిస్తుంది. ఖైదీల సొంత డబ్బు కూడా మా దగ్గరే ఉంటుంది. ఇంటి నుంచి పంపినది, లోపల పని చేస్తే వచ్చిన కూలి, క్యాంటీన్‌లో ఖర్చు పెట్టినది, అన్నీ మనిషి మనిషికీ వేరే ఖాతా. యాభై రూపాయలు తేడా వచ్చినా అడుగుతారు. అడగాలి కూడా, వాళ్లకి అదే ఆస్తి.

ఇవన్నీ ఏ ప్రభుత్వ ఆఫీసులోనైనా ఉండే పనులే. ఎంఆర్ఓ ఆఫీసులో ఫైలు ఆలస్యమైతే మనిషి ఇంకో రోజు తిరుగుతాడు. మా ఆఫీసులో ఆలస్యమైతే మనిషి ఇంకో రాత్రి లోపల పడుకుంటాడు. తేడా అక్కడే ఉంది.

లోపలికి వచ్చే కాగితం

ఎవర్నీ ఊరికే జైల్లో పెట్టుకోలేం. మేజిస్ట్రేట్ సంతకం చేసిన వారెంట్ ఉండాలి. అందులో పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, క్రైమ్ నంబర్, పోలీస్ స్టేషన్, సెక్షన్లు, మళ్లీ కోర్టుకి ఏ తేదీన తీసుకురావాలి అనేవి ఉంటాయి. విచారణ పూర్తికాకముందు రిమాండ్ ఒకసారికి 15 రోజులు మించకూడదు. ఆ తేదీ దాటకముందే మనిషిని మళ్లీ కోర్టు ముందు హాజరుపరచాలి. ఇప్పుడు చాలాసార్లు వీడియోలోనే చూపిస్తారు. తేదీల డైరీ తప్పితే, చెల్లే కాగితం లేకుండా మనిషిని ఉంచుకున్నట్టు.

మనిషి రాగానే పుట్టుమచ్చలు, మచ్చలు రాసుకుంటాం. ఫోటో తీస్తాం, ఒంటి మీద ఉన్న వస్తువులు రాసి సంతకం తీసుకుంటాం. ఇప్పుడు ఇవన్నీ ఈ-ప్రిజన్స్ అనే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కుతాయి. నేను చేరినప్పుడు అన్నీ లావుపాటి రిజిస్టర్లు. ఆ రిజిస్టర్లలో కులం అని ఒక గడి కూడా ఉండేది. మేము అడిగేవాళ్లం, వాళ్లు చెప్పేవాళ్లు, మేము రాసేవాళ్లం. ఎందుకు రాస్తున్నాం అని నేను ఒక్కసారీ అడగలేదు. సుకన్య శాంత అనే జర్నలిస్టు అడిగారు. కొన్ని రాష్ట్రాల జైలు మాన్యువల్స్‌లో పనులు కులాన్ని బట్టి పంచుతున్నారని ఆవిడ సుప్రీంకోర్టుకి వెళ్లారు. 2024 అక్టోబర్ 3న కోర్టు అది రాజ్యాంగ విరుద్ధం అని చెప్పి, ఖైదీల రిజిస్టర్లలో ఆ గడిని తీసేయమంది. ఒక గడే కదా అనుకోకండి. రిజిస్టర్‌లో గడి ఉంటే దాన్ని వాడేవాడు ఎప్పుడో ఒకప్పుడు వస్తాడు.

బెయిల్ వచ్చింది. తర్వాత?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. టీవీలో స్క్రోలింగ్ వస్తుంది, ఫలానావాడికి బెయిల్ అని. సాయంత్రానికి ఇంట్లో ఉంటాడనుకుంటాం. అలా జరగదు.

కోర్టు బెయిల్ ఇచ్చినప్పుడు షరతులు పెడుతుంది. ఇంత మొత్తానికి బాండ్, ఇద్దరు జామీనుదార్లు, అంటే ష్యూరిటీలు. ఆ ఇద్దరూ ఆస్తి కాగితమో, జీతం సర్టిఫికెటో పట్టుకుని కోర్టుకి రావాలి. కోర్టు వాటిని పరిశీలించి ఒప్పుకోవాలి. అప్పుడు రిలీజ్ ఆర్డర్ తయారవుతుంది. అది జైలుకి చేరాలి. మేము వారెంట్ పక్కన పెట్టి ఒక్కో మాటా సరిచూస్తాం. పేరు, తండ్రి పేరు, క్రైమ్ నంబర్, సెక్షన్లు, కోర్టు. తర్వాత ఇంకో ప్రశ్న: ఈ మనిషి మీద వేరే కేసుల్లో వారెంట్లు ఉన్నాయా? వేరే స్టేషన్ నుంచి పీటీ వారెంట్ వచ్చి ఉంటే, ఈ కేసులో బెయిల్ వచ్చినా ఆ కేసులో వదలలేం. అన్నీ సరిపోతే మనిషిని పిలిపించి, మచ్చలు చూసి, వస్తువులు, డబ్బు అప్పజెప్పి, సంతకం తీసుకుని గేటు బయటికి పంపిస్తాం. సాయంత్రం లాకప్ అయ్యాక ఆర్డర్ వస్తే మామూలుగా మర్నాడు పొద్దునే.

ఈ సరిచూడటం దగ్గరే నా కథ ఉంది.

నేను చేరిన కొత్త. సెల్‌ఫోన్లు లేవు, ఆఫీసులో ఒక ల్యాండ్‌లైన్. శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకి ఒక రిలీజ్ ఆర్డర్ వచ్చింది. పాలిటెక్నిక్ చదివే కుర్రాడు. ఊళ్లో జాతర రోజు గొడవ జరిగితే పదిమందితో పాటు ఇతన్నీ తీసుకొచ్చారు. నేను వారెంట్ తీసి సరిచూశాను. పేరు సరిపోయింది. క్రైమ్ నంబర్, సెక్షన్లు, కోర్టు అన్నీ సరిపోయాయి. తండ్రి పేరు దగ్గర ఆగాను. వారెంట్‌లో సుబ్బయ్య. ఆర్డర్‌లో సుబ్బారావు.

నాకు రూల్ తెలుసు. తేడా ఉంటే కోర్టుకి తిప్పి పంపి వివరణ అడగాలి. చక్కగా ఒక ఉత్తరం టైప్ చేశాను, సంతకం చేయించాను, డెస్పాచ్‌లో పెట్టాను. మర్నాడు రెండో శనివారం. ఆ తర్వాత ఆదివారం. సోమవారం మా మనిషి ఉత్తరం పట్టుకుని కోర్టుకి వెళ్లాడు. మంగళవారం మధ్యాహ్నం సరిచేసిన ఆర్డర్ వచ్చింది. మంగళవారం సాయంత్రం కుర్రాడు బయటికి వెళ్లాడు. శుక్ర, శని, ఆది, సోమ. నాలుగు రాత్రులు.

సోమవారం పొద్దున గేటు దగ్గర ఒక పెద్దాయన నన్ను ఆపాడు. శుక్రవారం నుంచి అక్కడే ఉన్నాడట, బయట వేపచెట్టు కింద పడుకున్నాడట. చేతిలో రెండు కాగితాలు. ఒకటి రేషన్ కార్డు, అందులో సుబ్బయ్య. ఇంకోటి కొడుకు పదో తరగతి సర్టిఫికెట్, అందులో తండ్రి పేరు సుబ్బారావు.

"రెండు పేర్లూ నావే సార్," అన్నాడు. "ఊళ్లో సుబ్బయ్య అంటారు. బళ్లో చేర్పించినప్పుడు మేష్టారు సుబ్బారావు అని రాశారు."

"కోర్టుకి రాశామయ్యా, వచ్చేస్తుంది," అన్నాను.

"ఈ రోజు మావాడికి పరీక్ష సార్. పది గంటలకి."

నాకు మాట రాలేదు. అప్పటికి తొమ్మిదిన్నర అయ్యింది. ఆ పరీక్ష పోయింది. మళ్లీ రాయాలంటే ఆరు నెలలు.

ఆ పెద్దాయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆఫీసులో కూడా ఎవరూ నన్ను ఏమీ అనలేదు. ఎందుకంటే నేను తప్పు చేయలేదు. ఫైలు తీసి చూస్తే అంతా పద్ధతిగా ఉంది. తేడా గుర్తించాడు, రాశాడు, పంపాడు.

మరి ఏం చేసి ఉండాల్సింది? శుక్రవారం నాలుగున్నరకి కోర్టులో మనుషులున్నారు. ఫోన్ చేసి బెంచ్ క్లర్క్‌ని అడిగితే, ఆ సాయంత్రమే ఇంకో కాగితం వచ్చే అవకాశం ఉంది. మనిషిని ఆఫీసుకి పిలిచి మచ్చలు చూసి, "మీ నాన్న పేరేంటి?" అని అడిగి ఉంటే రెండు పేర్ల సంగతి తెలిసేది. గేటు బయట తండ్రే ఉన్నాడు. నేను నా కుర్చీలోంచి లేవలేదు. రూల్ ప్రకారం రాయడం సరిపోతుందనుకున్నాను. ఆ రూల్ పెట్టింది తప్పు మనిషిని వదలకుండా ఉండటానికి. సరైన మనిషిని ఆపడానికి కాదు.

అప్పటి నుంచి ఒక అలవాటు చేసుకున్నాను. తేడా కనిపిస్తే ముందు ఫోన్, తర్వాత ఉత్తరం. ఏఓ అయ్యాక సెక్షన్‌లో ఒక చిన్న నోట్‌బుక్ పెట్టించాను. ఏ రిలీజ్ ఆర్డర్ ఆగినా అందులో రాయాలి: ఎందుకు ఆగింది, ఎవరికి ఫోన్ చేశాం, ఎన్ని గంటలకి. నేను ఇంటికి వెళ్లేముందు ఆ నోట్‌బుక్ చూసి వెళ్లేవాడిని. ఖాళీగా ఉన్న రోజు హాయిగా నిద్రపట్టేది.

ఇంకో వైపు భయం

ఇది విని, "అయితే చిన్న తేడాలు పట్టించుకోకుండా వదిలేయొచ్చు కదా" అనుకోకండి. అటువైపు కూడా గొయ్యి ఉంది.

ఒకసారి ఇద్దరు రాజులు ఉన్నారు. ఒకే పేరు, తండ్రుల పేర్లు కూడా దాదాపు ఒకటే, ఒకే మండలం. ఒకడిది చిన్న దొంగతనం కేసు, ఇంకొకడిది హత్య కేసు. దొంగతనం కేసులో బెయిల్ వచ్చింది. బ్యారక్‌లో పేరు పిలిస్తే రెండోవాడు లేచి వచ్చాడు. గేటు దాకా వచ్చేశాడు. మా డిప్యూటీ జైలర్ గారు ఎడమ మోచేతి మీద కాలిన మచ్చ ఉండాలి, చూపించు అన్నారు. మచ్చ లేదు. ఆయన అడగకపోయి ఉంటే ఆ సాయంత్రం మాలో ఇద్దరు ముగ్గురు సస్పెండ్ అయ్యేవాళ్లం. అంతకంటే పెద్ద విషయం, ఆ హత్య కేసులో సాక్షి చెప్పినవాళ్లు అదే ఊళ్లో ఉన్నారు.

కాబట్టి సరిచూడటం మానకూడదు. ఆ పేరుతో ఊరికే కూర్చోనూ కూడదు. రెండూ ఒకే రోజులో చేయాలి. ఉద్యోగం అంతా ఇదే.

పద్నాలుగేళ్లు మర్చిపోయిన మనిషి

నావి నాలుగు రాత్రులు. బీహార్‌లో రుదుల్ షా అనే ఆయన సంగతి వినండి. 1968లో కోర్టు ఆయన్ని నిర్దోషి అంది. ఆయన జైలు నుంచి బయటికి వచ్చింది 1982లో. పద్నాలుగేళ్లు! 1983లో సుప్రీంకోర్టు ఆ కేసులో, ఒక మనిషి స్వేచ్ఛని ప్రభుత్వం ఇలా లాక్కుంటే డబ్బు రూపంలో పరిహారం కట్టాల్సిందే అని మొదటిసారి గట్టిగా చెప్పింది. అంతకుముందు ఇచ్చిన 5,000 కాక ఇంకో 30,000 రూపాయలు ఇమ్మంది. మొత్తం 35,000. లా చదివే పిల్లలు ఈ కేసుని పరిహారం కోసం చదువుతారు. నాకైతే ఆ జైలు ఆఫీసే కళ్లముందు కనిపిస్తుంది. ఏళ్ల తరబడి పొద్దునా సాయంత్రం లెక్క పెడుతూనే ఉన్నారు కదా, అంకె సరిపోతూనే ఉంది కదా. ఈ మనిషి ఇంకా ఎందుకున్నాడు అని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు మారినవి

2021 జూలైలో ఆగ్రా జైల్లో 13 మందికి సుప్రీంకోర్టు బెయిల్ ఇస్తే, ఆర్డర్ కాపీ పోస్టులో అందలేదని జైలువాళ్లు కొన్ని రోజులు వదల్లేదు. అప్పటి ప్రధాన న్యాయమూర్తి మన ఉమ్మడి కృష్ణా జిల్లాకి చెందిన ఎన్.వి. రమణ గారు. ఇంత డిజిటల్ కాలంలో కూడా ఆర్డర్ తెచ్చే పావురాల కోసం ఆకాశం వైపు చూస్తున్నాం అన్నట్టు ఆయన మాట్లాడారు. 2022 మార్చి 31న ఫాస్టర్ అనే పద్ధతి మొదలైంది. సుప్రీంకోర్టు ఆర్డర్లు భద్రమైన ఎలక్ట్రానిక్ దారిలో నేరుగా పంపే ఏర్పాటు అది.

2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇంకొన్ని ఆదేశాలు ఇచ్చింది. బెయిల్ ఇచ్చిన కోర్టు ఆ ఆర్డర్ సాఫ్ట్ కాపీని అదే రోజు లేదా మర్నాడు జైలు సూపరింటెండెంట్ ద్వారా ఖైదీకి ఈమెయిల్‌లో పంపాలి. బెయిల్ తేదీని జైలు ఆఫీసు ఈ-ప్రిజన్స్‌లో ఎక్కించాలి. ఏడు రోజుల్లో మనిషి విడుదల కాకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి సూపరింటెండెంట్ తెలపాలి. వాళ్లు లాయర్‌నో, వాలంటీర్‌నో పంపి ఎక్కడ ఆగిందో చూస్తారు.

ఎక్కువసార్లు ఆగేది ఎక్కడో తెలుసా? డబ్బు దగ్గర. బెయిల్ వస్తుంది, ష్యూరిటీ ఇచ్చే మనిషి ఉండడు. పది వేల బాండ్ కోసం నెలలు ఉండిపోయినవాళ్లని చూశాను. 2023లో కేంద్రం పేద ఖైదీల కోసం ఒక పథకం తెచ్చింది. మొదలైనప్పుడు విచారణ ఖైదీకి 40,000 రూపాయల వరకు, జరిమానా కట్టలేక ఉండిపోయిన శిక్ష ఖైదీకి 25,000 వరకు. జిల్లా స్థాయి కమిటీ ఒప్పుకోవాలి. కమిటీ ముందుకి పేరు వెళ్లాలంటే? మళ్లీ జైలు ఆఫీసులో ఎవరో ఒకరు జాబితా తయారు చేయాలి.

ఇంకొకటి. కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ 2024 జూలై 1 నుంచి వచ్చింది. అందులో 479 సెక్షన్. పడగలిగే గరిష్ఠ శిక్షలో సగం కాలం విచారణలోనే గడిపేస్తే బెయిల్ మీద వదలాలి. అంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాళ్లయితే మూడో వంతు చాలు. మరణశిక్ష, జీవిత ఖైదు పడే నేరాలకి ఇది వర్తించదు, ఒకటికి మించి కేసులున్నా వర్తించదు. గడువు నిండగానే కోర్టుకి దరఖాస్తు పెట్టాల్సింది ఎవరో తెలుసా? జైలు సూపరింటెండెంట్. అంటే ఖైదీ అడగకపోయినా మేమే లెక్కేసి అడగాలి. పాత కేసులకి కూడా ఇది వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ లెక్క వేసేది ఒక సీనియర్ అసిస్టెంట్. ఆ రోజు అతను సెలవులో ఉంటే? అందుకే ఏఓ ఉండేది.

రెండు అపోహలు

జైల్లో పగలు ఒక రోజు, రాత్రి ఒక రోజు లెక్కేస్తారట కదా అని పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా నన్ను అడిగారు. లేదు. 24 గంటలే ఒక రోజు. మరి మూడేళ్ల శిక్ష పడినవాడు ముందే ఎలా వస్తాడు? రెండు కారణాలు. ఒకటి, విచారణ సమయంలో లోపల గడిపిన కాలాన్ని శిక్షలోంచి తీసేస్తారు. దాన్ని సెటాఫ్ అంటాం. పాత సీఆర్‌పీసీలో 428, ఇప్పుడు బీఎన్ఎస్ఎస్‌లో 468. మూడేళ్ల శిక్ష పడి, అంతకుముందు ఏడు నెలలు రిమాండ్‌లో ఉంటే, ఇంక ఉండాల్సింది రెండేళ్ల ఐదు నెలలు. రెండు, మంచి నడవడికకీ, చేసిన పనికీ రూల్స్ ప్రకారం వచ్చే రోజుల తగ్గింపు. అది రిమిషన్.

రెండో అపోహ, జీవిత ఖైదు అంటే 14 ఏళ్లు అని. కాదు. జీవిత ఖైదు అంటే జీవితాంతం. ప్రభుత్వం క్షమాభిక్షతో ముందుగా వదలొచ్చు. మరణశిక్ష కూడా వేయదగ్గ నేరాల్లో అయితే 14 ఏళ్లు నిండకుండా అలా వదలకూడదని చట్టం. అంటే 14 అనేది తలుపు తట్టడానికి అర్హత మాత్రమే, తలుపు తెరుచుకుంటుందన్న మాట కాదు.

మీకు పనికొచ్చేవి

మీ ఇంట్లోనో, స్నేహితుల్లోనో ఎవరికైనా ఇలాంటి పరిస్థితి రావొచ్చు. బైక్ గొడవ, కాలేజీ గొడవ చాలు. అప్పుడు గుర్తుపెట్టుకోండి.

ఒకటి, క్రైమ్ నంబర్, పోలీస్ స్టేషన్, కోర్టు పేరు మీ ఫోన్‌లో రాసుకోండి. జైలు ఆఫీసుకి మనిషి పేరు చెప్తే వెతకాలి, నంబర్ చెప్తే వెంటనే దొరుకుతుంది.

రెండు, పేర్లు. రిమాండ్ కాగితాల్లో, బెయిల్ పిటిషన్‌లో పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు ఒకేలా ఉన్నాయా అని లాయర్ దగ్గర మీరే ఒకసారి చదవండి. తేడా ఉంటే బెయిల్ రాకముందే సరిచేయించండి. ఆధార్ తెచ్చిపెట్టుకోండి. సుబ్బయ్య గారి కొడుక్కి జరిగింది మీవాళ్లకి జరగకూడదు.

మూడు, లాయర్‌కి డబ్బు లేకపోతే. కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. 1987 చట్టం అది. 15100 కి ఫోన్ చేయండి. జైలు లోపల కూడా న్యాయ సేవాధికార సంస్థ తరఫు మనుషులు వస్తారు.

నాలుగు, ములాఖత్‌కి వచ్చేటప్పుడు గుర్తింపు కార్డు తెచ్చుకోండి. దూరం నుంచి రాలేకపోతే ఈ-ములాఖత్ అని ఆన్‌లైన్‌లో బుక్ చేసుకుని వీడియోలో మాట్లాడే సదుపాయం ఉంది. ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు. అడిగితే సూపరింటెండెంట్‌కి రాసి ఇవ్వండి.

ఇంక ఉద్యోగం గురించి. గ్రూప్-4 కి ప్రిపేర్ అయ్యేవాళ్లు మీలో చాలామంది ఉంటారు. జూనియర్ అసిస్టెంట్ పోస్టుకి జైళ్ల శాఖ వస్తే మొహం మాడ్చుకునేవాళ్లని చూశాను. రెవెన్యూ వస్తే బాగుండేది సార్ అంటారు. ఇందులో పై డబ్బు గురించి ఆలోచించేవాళ్లకి నేను చెప్పేదేమీ లేదు. మిగతావాళ్లకి ఒక మాట. డిపార్ట్‌మెంటల్ టెస్టులు, అకౌంట్స్ టెస్టు తొందరగా రాసేయండి, ప్రమోషన్లు వాటి మీదే ఉంటాయి. ఈ-ప్రిజన్స్ స్క్రీన్ మీద కనిపించేవి ఎంట్రీలు కాదు, మనుషులు అని గుర్తుపెట్టుకోండి. సాయంత్రం నాలుగున్నరకి వచ్చిన కాగితాన్ని రేపు చూద్దాంలే అని డ్రాయర్‌లో పెట్టకండి.

నేను రిటైరయ్యే రోజు అందరూ శాలువాలు కప్పారు, ఫోటోలు తీశారు. చివరి పనిగా ఆ నోట్‌బుక్ నా తర్వాత వచ్చిన ఏఓ గారికి ఇచ్చాను. ఆయన తిరగేసి, "మొదటి పేజీలో ఇదేంటి సార్, కేసు నంబర్ లేదు, ఒక పేరు మాత్రమే ఉంది?" అన్నారు. సుబ్బయ్య, సుబ్బారావు అని రెండూ రాసి పెట్టుకున్నాను. అది ఒకే మనిషండీ అని చెప్పి వచ్చేశాను.

అదండీ విషయం. మీకు తెలిసినవాళ్లెవరైనా బెయిల్ వచ్చి కూడా ఇంటికి రాకపోతే, ఈ ఎపిసోడ్ వాళ్ల ఇంట్లోవాళ్లకి పంపండి. ఉంటాను మరి, నమస్తే.